ఈమధ్య చూసిన సినిమా, సీరియల్ మీద అభిప్రాయం చెప్పడం ఎలా? సమగ్ర మార్గదర్శి

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఆట విడిచిపెట్టే వేళ, హాలు నుంచి బయటికి వస్తున్నవారిని ఎవరైనా "ఏందన్నా, సినిమా ఎట్టుంది?" అని అడిగితే, వచ్చే జవాబు చాలాసార్లు ఒక్క మాటే: బాగుంది, పర్లేదు, సోది. అడిగిన మనిషి ఆ ఒక్క మాటతో టిక్కెట్టు కొనాలో వద్దో తేల్చుకోలేడు, ఎందుకంటే చెప్పినవారికి ఏవి నచ్చుతాయో, ఏవి నచ్చవో అతనికి తెలియదు.

"నచ్చలేదని నాకు తెలుసు, కానీ ఎందుకు నచ్చలేదో చెప్పలేకపోతున్నాను" అని నెల్లూరు, కావలి, ఒంగోలు పాఠకులు తరచుగా అడుగుతున్నారు. వారి కోసమే ఈ వివరణ. ఇందులో చెప్పే పద్ధతి మొత్తానికి ఒకటే కొలత: మీ అభిరుచికి పూర్తిగా వ్యతిరేకమైన అభిరుచి ఉన్న మనిషి కూడా, మీ మాటలు విని తన నిర్ణయం తాను తీసుకోగలగాలి. అందుకు ఏం చేయాలో వరుసగా చూద్దాం.

## 1. చూడకముందు తెలుసుకోవలసినవి

అభిప్రాయం చెప్పే పని తెర మీద మొదటి దృశ్యం పడకముందే మొదలవుతుంది. మీరు ఏ రూపంలో, ఏ తెర మీద, ఏ భాషలో చూశారన్నది మీ అనుభవాన్ని చాలా మారుస్తుంది కాబట్టి ఆ వివరాలు ముందే గుర్తుంచుకోవాలి.

సూళ్లూరుపేటలో 2019లో మొదలైన పెద్ద థియేటర్ తెర వెడల్పు 106 అడుగులు. ఆ తెర మీద యుద్ధ సన్నివేశం చూసి వచ్చినవారు, అదే సన్నివేశాన్ని రైల్లో ఫోను మీద చూసినవారు ఒకరితో ఒకరు వాదించుకుంటే, ఇద్దరూ నిజమే చెబుతున్నా ఇద్దరి మాటలూ కలవవు. "నేను ఫోనులో, ఇయర్‌ఫోన్లు పెట్టుకొని చూశాను" అని ముందే చెబితే సగం వాదం అక్కడే తీరిపోతుంది.

అనువాద చిత్రమైతే మూల భాషలో చూశారా, తెలుగు డబ్బింగ్ చూశారా అన్నది తప్పక రాసుకోవాలి. ఓటీటీలో భాష మార్చుకొనే వీలుంటుంది కనుక, ఒకే చిత్రాన్ని మీ ఇంట్లో తెలుగులో, పక్కింట్లో తమిళంలో చూసి ఉండవచ్చు.

సినిమా ఆరంభంలో తెర మీద కనిపించే సర్టిఫికెట్‌ను వదిలేయకుండా చూడండి. 2023 సినిమాటోగ్రాఫ్ చట్ట సవరణ తర్వాత యు/ఏ విభాగాన్ని 7+, 13+, 16+ అని మూడుగా విడదీశారు. పిల్లలున్న కుటుంబం మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది. నిడివి కూడా అక్కడే ఉంటుంది.

ఇతరుల సమీక్షలు మాత్రం ముందుగా చదవవద్దు. చదివితే మీరు సినిమాతో పాటు ఆ సమీక్షను కూడా చూస్తూ కూర్చుంటారు. అందులోని మాటలే రేపు మీ నోటి నుంచి వస్తాయి.

చూడకముందు సరిచూసుకోండి
- ఏ తెర మీద, ఏ భాషలో చూస్తున్నాను?
- సర్టిఫికెట్ ఏది, నిడివి ఎంత?
- ట్రైలర్ చూశానా? చూస్తే దాని వల్ల నేను ఏం ఆశిస్తున్నాను?
- ఇది కొత్త కథా, రీమేకా? రీమేకైతే మూలం చూశానా?
- ఈ నటుడి మీద, ఈ దర్శకుడి మీద నాకు ముందే ఇష్టమో కోపమో ఉందా?

చివరి ప్రశ్నకు మీతో మీరు నిజం చెప్పుకోవాలి. అభిమానం తప్పు కాదు. అభిమానం ఉందని వినేవారికి తెలియకపోవడమే చిక్కు.

## 2. చూస్తున్నప్పుడు గుర్తులు పెట్టుకోవడం

థియేటర్లో ఫోను తీసి రాసుకోకూడదు; ఆ వెలుగు వెనక వరుసలవారిని ఇబ్బంది పెడుతుంది. దానికి బదులు విశ్రాంతి వేళ కుర్చీలోనే కూర్చొని మూడు గుర్తులు రాసుకోండి: ఇంతవరకు మనసులో నిలిచిన ఒక దృశ్యం, చెవిలో నిలిచిన ఒక మాట లేదా శబ్దం, దృష్టి పక్కకు మళ్లిన ఒక చోటు. సినిమా అయ్యాక రెండో సగానికి మరో మూడు రాసుకోండి. ఈ ఆరు గుర్తులు చాలు. ఇంతకంటే ఎక్కువ రాయాలని చూస్తే సినిమా చూడడం మానేసి పరీక్ష రాస్తున్నట్టు అవుతుంది.

మూడో గుర్తు, అంటే దృష్టి మళ్లిన చోటు, చాలా విలువైనది. "సినిమా స్లోగా ఉంది" అనే మాట వెనక దాదాపు ఎప్పుడూ ఒకటి రెండు ప్రత్యేకమైన చోట్లుంటాయి. ఆ చోట్లేవో చెప్పగలిగితే మీ ఫిర్యాదు విమర్శ అవుతుంది.

హాలు స్పందన కూడా గమనించండి, కానీ దాన్ని మీ స్పందనతో కలపవద్దు. మొదటి రోజు మొదటి ఆటలో ఈలలు, అరుపుల మధ్య సగం సంభాషణలు వినబడవు. ఆ ఊపు మీకు సినిమా ఇచ్చిందా, చుట్టూ ఉన్నవారు ఇచ్చారా అన్నది తేల్చుకోవడం కష్టం. వివరంగా రాయాలనుకుంటే మంగళవారమో బుధవారమో మ్యాట్నీకి వెళ్లడం మేలని నా అభిప్రాయం.

ఇంట్లో చూసేవారికి ఆపి, వెనక్కి తిప్పి చూసే సౌకర్యం ఉంది. నచ్చిన సన్నివేశం ఎన్నో నిమిషంలో వచ్చిందో రాసుకుంటే తర్వాత మళ్లీ చూసి సరిచూసుకోవచ్చు. వేగం పెంచి చూడవద్దు. ఒకటిన్నర రెట్లు వేగంతో చూసిన మనిషికి ఆ చిత్రం నడక గురించి మాట్లాడే అర్హత ఉండదు.

## 3. మొదటి మాటను వెంటనే రాసి, తుది మాటను మర్నాటికి ఉంచడం

బయటికి వచ్చిన గంటలోపు ఒకే వాక్యం రాసుకోండి. అది అందంగా ఉండనక్కర లేదు. "ఇంటర్వెల్ దాకా ఊపిరి తీసుకోనివ్వలేదు, తర్వాత ఎవరి బాధా నాకు పట్టలేదు" అన్నట్టుగా, కలిగిన అనుభూతి కలిగినట్టే ఉంటే చాలు.

ఆ రాత్రి దాన్ని అలాగే వదిలేసి, మర్నాడు ఆ వాక్యాన్ని ముందు పెట్టుకొని ప్రశ్నించండి. రాత్రి కదిలించిన సన్నివేశం పొద్దున కూడా గుర్తుందా? రాత్రి కోపం తెప్పించిన ముగింపు ఇప్పుడు సబబుగా తోస్తోందా? మొదటి మాట, మర్నాటి మాట వేరుగా ఉంటే రెండూ చెప్పండి. "చూస్తున్నంతసేపు బాగుంది, తెల్లారేసరికి ఏదీ గుర్తు లేదు" అనే అభిప్రాయం వినేవారికి ఎంతో పనికొస్తుంది.

## 4. అభిప్రాయాన్ని మూడు అరలుగా విడదీయడం

అసలు పని ఇదే. మీ ఆరు గుర్తుల్లో ఒకటి తీసుకొని మూడు ప్రశ్నలకు విడివిడిగా జవాబు రాయండి.

- తెర మీద ఏం జరిగింది? కెమెరాకు కనిపించింది, మైకుకు వినిపించింది మాత్రమే.
- నాకేమనిపించింది? నవ్వు, భయం, విసుగు, జాలి, ఏదైనా సరే.
- అలా ఎందుకు అనిపించింది? మొదటి అరలోని ఏ అంశం వల్ల రెండో అరలోని అనుభూతి కలిగింది?

ఉదాహరణ కోసం ఒక సన్నివేశాన్ని కల్పించి చెబుతున్నాను. ఇది ఏ సినిమాకూ సంబంధించినది కాదు. ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల గుంట. ఇంకా తెల్లవారలేదు. నడివయసు రైతు చెక్కబల్లల మీదుగా నీళ్ల మధ్యకు నడిచి, తాడు పట్టుకొని చెక్ ట్రేను, అంటే రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడడానికి నీళ్లలో దించి ఉంచే పళ్లేన్ని, పైకి లాగుతాడు. ట్రేలో వేసిన మేత వేసినట్టే ఉంది. అతను ఏమీ అనడు. ట్రేను మెల్లగా నీళ్లలోకి దించి, నీళ్లకు గాలి పట్టించడానికి తిరుగుతున్న ఏరేటర్ల వైపు కాసేపు చూసి ఇంటికి వస్తాడు. భార్య అడిగితే, "ఏం లేదు, బాగానే ఉండాయి" అని చెప్పి కాళ్లు కడుక్కుంటాడు.

ఈ సన్నివేశం మీద మామూలుగా వచ్చే మాట: "తండ్రి యాక్టింగ్ సూపర్, ఏడిపించేశాడు." ఇప్పుడు దాన్ని అరల్లో పెడదాం.

తెర మీద జరిగింది: మేత మిగిలింది, మాట లేదు, భార్యకు అబద్ధం చెప్పాడు. అనిపించింది: రాబోయే నష్టం ఇంట్లో అందరికంటే ముందు నాకే తెలిసినట్టు గుబులు. కారణం: రొయ్య మేత ముట్టకపోతే ఏదో తేడా వచ్చిందని రొయ్యలు సాగుచేసేవారికి ట్రే చూడగానే అర్థమవుతుంది, సాగు తెలియనివారికి ఆ అబద్ధం విన్నాక అర్థమవుతుంది. దర్శకుడు వివరణ ఇవ్వకుండానే ఇద్దరికీ విషయం చేరవేశాడు.

ఈ మూడింటినీ కలిపి రాస్తే ఇలా వస్తుంది:

> "పంట పోతోందని తండ్రికి తెలిసిన క్షణాన్ని ఒక్క సంభాషణ కూడా లేకుండా చూపించారు. మేత మిగిలిన ట్రేను తిరిగి నీళ్లలోకి దించేటప్పుడు ఆ నటుడి చేతుల్లో తొందర లేదు. ఆ నిదానమే నన్ను భయపెట్టింది. ఇంటికొచ్చి భార్యతో అంతా బాగుందని చెప్పినప్పుడు, ఆయన మోస్తున్నది ఎంత బరువో అర్థమైంది. ఇలాంటి మౌనం నచ్చేవారికి ఈ చిత్రం నచ్చుతుంది. ప్రతి మలుపూ మాటల్లో తెలియాలనుకొనేవారికి మొదటి అరగంట నెమ్మదిగా తోచవచ్చు."

చివరి వాక్యాన్ని గమనించండి. రాసినవారికి చిత్రం నచ్చింది. అయినా నచ్చనివారెవరో, ఎందుకు నచ్చకపోవచ్చో కూడా చెప్పారు. మొదట చెప్పుకున్న కొలత ఇక్కడ నెరవేరింది.

ప్రతికూల అభిప్రాయానికీ ఇదే పద్ధతి. అదే సన్నివేశంలో ట్రే పైకి రాగానే వయొలిన్లు హోరెత్తి, పక్కనున్న స్నేహితుడు "మేత తినట్లేదంటే జబ్బు వచ్చినట్టే గదా" అని అంటే, మీరు "సీను చెడగొట్టారు" అని ఆగిపోవద్దు. "చూపించిన దాన్నే మళ్లీ మాటల్లో చెప్పారు, చెప్పిన దాన్నే సంగీతంతో మళ్లీ నొక్కారు, మూడోసారికి నాలో గుబులు పోయి విసుగు మిగిలింది" అని రాయండి. ఆ చిత్రం తీసినవారే చదివినా ఇందులో కొట్టిపారేయదగ్గ మాట ఉండదు.

## 5. స్థానిక పరిజ్ఞానాన్ని సరైన మోతాదులో వాడడం

మన జిల్లాల నేపథ్యంలో కథ వచ్చినప్పుడు మనకు మాత్రమే కనిపించే తప్పులుంటాయి. వాటిని చెప్పాలి, కానీ దేనికి ఎంత బరువివ్వాలో తెలిసి చెప్పాలి.

రాత్రివేళ రొయ్యల గుంటలో ప్రాణవాయువు తగ్గిపోయి తెల్లవారుజామున మరీ పడిపోతుంది కనుక, దట్టంగా పిల్ల వేసిన గుంటల్లో రాత్రంతా ఏరేటర్లు తిరుగుతూ ఉండాలి. సినిమాలో రాత్రి గుంట గట్టు మీద ప్రేమికులు నిశ్శబ్దంలో మాట్లాడుకుంటే, సంభాషణ వినబడడానికి ఆ హోరు తీసేశారని అర్థం చేసుకొని, కావాలంటే ఒక్క వాక్యంలో ప్రస్తావించి వదిలేయండి. అదే రాత్రి ఏరేటర్లు ఆగిపోయినా మర్నాడు పంట నిక్షేపంగా ఉండి, దాని మీదే కథ మలుపు తిరిగితే మాత్రం అది పెద్ద లోపం; వివరంగా రాయండి.

ప్రకాశం జిల్లా పొగాకు కథలకూ ఇదే వర్తిస్తుంది. బ్యారన్‌లో, అంటే పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టులో, ఆకు క్యూరింగ్‌కు దాదాపు వారం పడుతుంది. పాటలో ఆ వారాన్ని అరనిమిషంలో చూపిస్తే తప్పేమీ లేదు. సాయంత్రం బ్యారన్‌కు ఎక్కించిన ఆకు పొద్దున వేలానికి చేరి, కథానాయకుడి అప్పు తీరిపోతే నమ్మలేం.

యాస విషయంలో "నెల్లూరు యాస కుదరలేదు" అని తీర్పు చెప్పే బదులు, ఎక్కడ తప్పిందో పట్టుకోండి. నేను ప్రధానంగా గమనించేది ఒకటి: హాస్య సన్నివేశాల్లో "ఎట్టా", "ఉండాడు", "పిలకాయలు" అని మాట్లాడిన పాత్ర, ప్రేమ గురించో త్యాగం గురించో మాట్లాడవలసి వచ్చేసరికి పుస్తకాల తెలుగులోకి మారిపోతుందా? మారితే ఆ చిత్రం దృష్టిలో మన యాస నవ్వించడానికి మాత్రమే పనికొచ్చిందన్నమాట. ఇది నాకు బాధ కలిగించే విషయం, మర్యాదగానే అయినా గట్టిగా చెప్పవలసిన విషయం.

## 6. కథ ఎంతవరకు చెప్పవచ్చు?

ట్రైలర్లో కనిపించినంత, లేదా మొదటి ఇరవై నిమిషాల్లో తెలిసినంత చెప్పవచ్చు. విశ్రాంతి ముందు వచ్చే మలుపు, హంతకుడెవరు, ఎవరు చనిపోతారు, చివర్లో హఠాత్తుగా కనిపించే అతిథి నటుడు ఎవరు అన్నవి చెప్పకూడదు.

"క్లైమాక్స్‌లో పెద్ద ట్విస్టు ఉంది, చెప్పను" అనడం కూడా చెప్పినట్టే. విన్నవారు సినిమా అంతా ఆ మలుపు కోసం కాచుకొని కూర్చుంటారు.

మలుపు గురించి మాట్లాడకుండా మీ అభిప్రాయం పూర్తికాదనుకుంటే, దాన్ని చివరి భాగంగా విడగొట్టి, "ఇక్కడి నుంచి సినిమా చూసినవారికి మాత్రమే" అని రాసి, కొంత ఖాళీ వదిలి మొదలుపెట్టండి. ముఖాముఖి మాటల్లోనైతే ముందుగా "చూశావా?" అని అడగండి. గుంపులో ఒక్కరు చూడకపోయినా ఆ మాట తర్వాతకు ఆపాలి.

## 7. ఏ తప్పు ఏ విభాగానిది?

చాలా అభిప్రాయాలు ఇక్కడే దారి తప్పుతాయి. అనుభూతి నిజమే ఉంటుంది, దానికి కారణంగా చూపించిన మనిషి వేరే ఉంటాడు. నిశ్చయంగా తెలియనప్పుడు విభాగం పేరు చెప్పకుండా జరిగింది చెప్పండి: "ఎడిటింగ్ బాలేదు" అనే బదులు "ఆస్పత్రి సన్నివేశంలో విషయం అర్థమైపోయాక కూడా చాలాసేపు అక్కడే ఉండిపోయారు" అంటే తప్పుపోదు. ఆ సాగతీత స్క్రిప్టులోనే ఉందో, చిత్రీకరణలో వచ్చిందో, కత్తిరించకుండా వదిలేశారో బయటినుంచి తేల్చలేం.

మాటలు వినబడకపోతే వెంటనే సౌండ్ విభాగాన్ని తప్పుపట్టకండి. మరో హాల్లో చూసినవారిని ఒకరిని అడగండి. వారికీ వినబడకపోతే లోపం చిత్రానిది. వారికి స్పష్టంగా వినబడితే లోపం మీరు చూసిన హాలుది.

పాటలు, నేపథ్య సంగీతం వేర్వేరుగా చెప్పండి. పాటలు సాధారణంగా ఉండి రీరికార్డింగ్ అద్భుతంగా ఉన్న సినిమాలు, దానికి పూర్తి విరుద్ధంగా ఉన్న సినిమాలు రెండూ ఉంటాయి.

నటన, గాత్రం కూడా వేర్వేరే. కమల్ హాసన్ తమిళ చిత్రాలు తెలుగులోకి వచ్చినప్పుడు అనేక పాత్రలకు నెల్లూరు ప్రాంతంలో పుట్టిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతు ఇచ్చారు. ఆ పాత్రలు తెలుగువారిని కదిలించడంలో ముఖానిదెంత, గొంతుదెంత అన్నది విడదీసి చూడడం ఎంతో ఆసక్తికరమైన పని. అనువాద చిత్రంలో నటుడి గురించి రాసేటప్పుడు డబ్బింగ్ చెప్పినవారి గురించి కనీసం ఒక వాక్యం రాయండి. పేరు చివరి టైటిల్స్‌లో దొరికితే పేరుతో సహా రాయండి. పెదవులు కలవడం ఒక్కటే చూడకండి, మాటలు తెలుగువారు నిజంగా అనేలా ఉన్నాయా లేదా అన్నదీ చూడండి.

ఛాయాగ్రహణం, కళ, దుస్తులు, పోరాటాలు అన్నీ ప్రతిసారీ చెప్పనక్కర లేదు. మీ ఆరు గుర్తుల్లోకి వచ్చినవి చెప్పండి, మిగతావి వదిలేయండి. అన్ని విభాగాలకూ తలా ఒక వాక్యం పంచిపెట్టే సమీక్షల్ని ఎవరూ గుర్తుంచుకోరు.

## 8. సీరియల్, వెబ్ సిరీస్, పోటీ కార్యక్రమాలు

సినిమాకు వాడిన కొలతను వీటికి యథాతథంగా వాడకూడదు.

రోజువారీ సీరియల్. ఒక్క ఎపిసోడు చూసి తీర్పు చెప్పవద్దు. కనీసం ఒక వారం వరుసగా చూడండి. ప్రకటనల విరామం ముందు ప్రతిసారీ ఒక ఉత్కంఠ పెట్టడం ఆ రూపానికున్న అవసరం. దాన్ని తప్పుపట్టే బదులు, విరామం తర్వాత ఆ ఉత్కంఠకు న్యాయం చేశారా, లేక వట్టి బెదిరింపుగా వదిలేశారా అన్నది చూడండి. వారంలో కథ ఎంత కదిలింది, పాత్ర నిర్ణయాలు నిన్నటి పాత్రకు సరిపోతున్నాయా అన్నవి మిగతా ప్రశ్నలు. ఇంట్లో అమ్మమ్మ ఆ సీరియల్ ఏళ్లుగా చూస్తుంటే ముందుగా ఆమెనే అడగండి. పాత్ర ఎందుకలా మారిందో ఆమె చెప్పినంత స్పష్టంగా మరెవరూ చెప్పలేరు.

వెబ్ సిరీస్. మొదటి మూడు ఎపిసోడ్లయినా చూడకుండా మాట్లాడవద్దు. ఎన్ని చూశారో మొదటి వాక్యంలోనే చెప్పండి. మధ్యలో మానేస్తే ఏ చోట, ఎందుకు మానేశారో చెప్పడం కూడా పూర్తి స్థాయి అభిప్రాయమే.

పాటల పోటీలు, ఆటల కార్యక్రమాలు. పోటీలో పాల్గొన్నవారిని, న్యాయనిర్ణేతలను, కార్యక్రమం కూర్చిన తీరును విడివిడిగా చూడాలి. 1996లో మొదలైన పాడుతా తీయగా కార్యక్రమంలో బాలు గారు అనుసరించిన పద్ధతి మనకు మంచి నమూనా: పాట రాసినవారిని, స్వరపరచినవారిని ముందుగా గుర్తుచేసి, పాడినవారు పొరబడిన చోటు ఏదో చూపి, అది ఎలా ఉండాలో పాడి వినిపించేవారు. పొరపాటు ఏ పంక్తిలో ఉందో తెలిసిన గాయకుడు దాన్ని దిద్దుకోగలడు. పోటీదారుల రూపం, కుటుంబం, ఆర్థిక స్థితి మీ అభిప్రాయంలోకి రాకూడదు, ముఖ్యంగా చిన్నపిల్లల విషయంలో.

## 9. చెప్పే క్రమం

రాసినా, నలుగురిలో నిలబడి చెప్పినా ఈ వరుస పనికొస్తుంది.

1. ఏం చూశారు, ఎక్కడ, ఏ భాషలో చూశారు: ఒక వాక్యం.
2. కథ దేని గురించి: రెండు వాక్యాలు.
3. మొత్తం మీద మీ మాట: ఒక వాక్యం. దీన్ని చివరిదాకా దాచవద్దు.
4. ఆ మాటకు ఆధారంగా రెండు సన్నివేశాలు, మూడు అరల పద్ధతిలో. మీ అభిప్రాయంలో సగానికి పైగా ఇదే ఉండాలి.
5. మీ మాటకు ఎదురు నిలిచే ఒక అంశం: నచ్చిన చిత్రంలో నచ్చనిది, నచ్చని చిత్రంలో నచ్చినది.
6. ఎవరికి నచ్చవచ్చు, ఎవరికి నచ్చకపోవచ్చు, పిల్లలతో చూడవచ్చా.

వాట్సాప్ గ్రూపుకైతే 1, 3, 6 చాలు, ఒక్క సన్నివేశం కలపండి. రెండు నిమిషాల ప్రసంగానికి ఆరూ సరిపోతాయి. పూర్తి వ్యాసంలో నాలుగో భాగాన్ని పెంచండి, మిగతా వాటిని పెంచకండి.

నక్షత్రాలు, మార్కులు ఇవ్వాలా అని అడుగుతుంటారు. ఇవ్వకపోవడమే మంచిదని నేను నమ్ముతాను. అంకె కనబడగానే చదివేవారు కారణాల దగ్గరికి రారు.

## 10. ఎవరితో మాట్లాడుతున్నారో చూసుకోవడం

పెద్దవారు తమ కాలపు నటుణ్ణి పొగుడుతుంటే మధ్యలో అడ్డుకొని పోల్చవద్దు. "పెదనాన్నా, మీకు అందులో ఏ సీను బాగా గుర్తుంది?" అని అడిగితే ఆయన చెప్పే వివరమే మంచి చర్చకు మొదలవుతుంది.

వీరాభిమానితో మాట్లాడేటప్పుడు నటుణ్ణి, పాత్రను వేరు చేయండి. "మీ హీరో బాలేదు" అంటే గొడవ. "ఈ పాత్రకు కోపం తప్ప మరో భావం రాయలేదు, అంత శక్తి ఉన్న నటుడికి పని లేకుండా పోయింది" అంటే చాలాసార్లు అభిమాని కూడా తల ఊపుతాడు. ఇది నెగ్గడానికి వేసే ఎత్తు కాదు. చాలా సందర్భాల్లో అదే నిజం.

కులం, ప్రాంతం, రూపం, వ్యక్తిగత జీవితం చర్చలోకి వస్తే "అది ఏ సీనులో ఉంది?" అని అడగండి. జవాబు దొరకని మాట సినిమా గురించినది కాదు, అక్కడితో ఆ దారి మూసేయండి.

## 11. తరచుగా జరిగే పొరపాట్లు, సరిదిద్దే మార్గాలు

- కథంతా చెప్పి చివర్లో "బాగుంది" అనడం. కథకు రెండు వాక్యాల హద్దు పెట్టుకోండి. మూడో వాక్యం మీ అభిప్రాయమే కావాలి.
- "సూపర్", "చెత్త", "వేరే లెవెల్" వంటి మాటలు. అలాంటి ప్రతి మాటను కొట్టేసి, దాని స్థానంలో ఒక సన్నివేశం పెట్టండి.
- వసూళ్లను నాణ్యతగా చూపడం. వసూళ్లు ఎంతమంది చూశారో చెబుతాయి. మీకేమనిపించిందో చెప్పవు.
- లాజిక్ లేదని ప్రతిదానికీ అనడం. ఆ చిత్రం తన లోకానికి తాను పెట్టుకున్న నియమమేదో గుర్తించండి. పోరాటాల చిత్రంలో పదిమందిని కొట్టడం నియమం; పది నిమిషాల క్రితం నడవలేని మనిషి కొట్టడం తప్పు.
- "మనవాళ్లకు నచ్చదు" అని అందరి తరఫున చెప్పడం. "నాకు నచ్చలేదు, ఇందువల్ల" అని మార్చండి.
- నిద్రపోయిన భాగాన్ని దాచడం. ఆ భాగం మళ్లీ చూడండి, లేదా చూడలేదని చెప్పండి.
- రీమేకును మూలంతో మాత్రమే పోల్చడం. ముందు దాన్ని విడిగా తూచండి. పోలికకు చివర్లో ఒక పేరా చాలు.

## 12. చట్టం, నిజాయితీ

హాల్లో తెరను ఫోనుతో రికార్డు చేయడం నేరం. 2023 సవరణ ప్రకారం మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం మూడు లక్షల రూపాయల జరిమానా పడవచ్చు. "ఒక్క సీనే కదా, స్టేటస్‌లో పెడతాను" అనుకొనే పిల్లలకు ఈ సంగతి పెద్దలు ముందే చెప్పాలి.

విమర్శ కోసం, సమీక్ష కోసం ఒక కృతి నుంచి న్యాయమైన మేరకు ఉటంకించడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ అవకాశమిస్తుంది. ఆ పేరుతో సినిమా ముక్కలు ముక్కలుగా పెట్టడానికి ఇవ్వదు.

ఉచిత టిక్కెట్టు తీసుకున్నా, డబ్బు తీసుకున్నా, చిత్రబృందంలో బంధువులున్నా ఆ సంగతి మొదట్లోనే స్పష్టంగా చెప్పండి. చివర్లో చిన్న అక్షరాల్లో పెడితే చెప్పినట్టు కాదు.

## 13. పంపేముందు సరిచూపు

- చూసిన తెర, భాష, ఎన్ని ఎపిసోడ్లు చూశానో చెప్పానా?
- పాత్రల పేర్లు, సాంకేతిక నిపుణుల పేర్లు టైటిల్స్‌తో సరిపోల్చానా?
- కనీసం ఒక సన్నివేశాన్ని చూడనివారికి కళ్లకు కట్టేలా చెప్పానా?
- ప్రతి పొగడ్తకూ, ప్రతి తెగడ్తకూ కారణం ఉందా?
- మలుపు ఏదైనా బయటపడిందా?
- మనిషిని అన్న మాట ఏదైనా మిగిలిపోయిందా?
- నా అభిరుచికి వ్యతిరేకి దీన్ని చదివి తనకు కావలసింది తెలుసుకోగలడా?

ఒకసారి పైకి చదవండి. నోరు తిరగని వాక్యాన్ని రెండుగా విరవండి.

## 14. తర్వాత అభిప్రాయం మారితే

సినిమా రెండోసారి చూసినప్పుడో, మరొకరు మీరు గమనించని వివరం చూపించినప్పుడో మీ అభిప్రాయం మారవచ్చు. అప్పుడు పాత మాటను తుడిచేయవద్దు. దాని కిందనే తేదీ వేసి, ఏ సన్నివేశం గురించి, ఏ కారణంతో అభిప్రాయం మారిందో రెండు వాక్యాల్లో రాయండి. వివరం చూపించినవారు అభ్యంతరం చెప్పకపోతే వారి పేరు కూడా చేర్చండి. పేరులోనో, సంవత్సరంలోనో పొరపాటు దొర్లితే మాత్రం కింద వివరణ రాసి ఊరుకోకుండా అసలు వాక్యాన్నే సరిచేసి, సరిచేశామని చెప్పండి. ఎందుకంటే చాలామంది పై వాక్యం చదివి అక్కడితో ఆగిపోతారు.